చింతకాయ నూరిన రాయి

పచ్చి చింతకాయ ఉప్పుతో నలిగే వాసన ఎక్కడ తగిలినా నాకిప్పటికీ నోరూరుతుంది, ఆ వెనకే సిగ్గూ వస్తుంది. మొన్న మేనత్త ఇంట్లో కోడలు చింతతొక్కు నూరుతుంటే లేచి బయటికి వచ్చేశాను. మావాళ్లలో ఎవరెవరిని ఎక్కడ పూడ్చారో రాసిపెడదామని నోటుపుస్తకం పట్టుకుని తిరుగుతున్నాను ఈమధ్య. నిడుగల్లు కొండ కింద ముత్తాతల సమాధులు అన్నిటికన్నా ముందు చూశాను. తిరుమణిలో మా సొంత చేను మాత్రం ఆఖరున పెట్టుకున్నాను. ఊరికే కాదు, భయపడి.

శెనక్కాయలు పీకేశాక ఆ చేను పిల్లలదే. మట్టిలో మిగిలిన కాయలు పుల్లలతో తవ్వి ఏరుకుని, కంపకు నిప్పుపెట్టి కాల్చుకుని, మూతులు నల్లగా చేసుకుని, గెట్టు మీది చింతచెట్టు కింద చేరి పచ్చికాయలు రాల్చి ఉప్పూ మిరపకాయా వేసి నూరుకు తినేవాళ్లం. నూరడానికి నున్నటి రాయి కావాలి. చేను నడుమ ఒకటి ఉండేది. మా జేజి, అంటే నాయనకు తల్లి, తొలిచూలు బిడ్డ రత్న మూడేళ్లకే జ్వరంతో పోతే, పూడ్చినచోట పెట్టిన గుర్తది. నాయన నాగలిని దాని చుట్టూ తిప్పి తోలేవాడు. ఏటా పెద్దల అమావాస్యకు జేజి దానికి పసుపు పూసి, మట్టి ప్రమిదలో దీపం పెట్టి, ఉడికించిన శెనక్కాయలూ బెల్లం ముక్కా పెట్టి పక్కనే చాలాసేపు కూర్చునేది.

"నేను పోతే నన్ను గూడా ఈడే పెట్టండప్పా, బిడ్డ పక్కన," అనేది.

ఆ రాయేమిటో తెలిసే తీశాను, తొమ్మిదేళ్లదాన్ని. సాయంత్రం పెట్టేద్దామనుకుని మరిచిపోయాను. మర్నాడే నాయన ఎరువు కోసం చేనిలో గొర్రెల మంద నిలిపించాడు. మూడు రోజుల్లో గొర్రెలు నేలంతా తొక్కి చదును చేసేశాయి. చోటు తెలియక, అందాజుగా ఒకచోట రాయి పెట్టి వచ్చాను. వారానికి, అక్కడికి ఇరవై అడుగుల అవతల పసుపంటిన ప్రమిద పెంకు కాలికి తగిలింది. అసలు చోటు అదే. అప్పుడే మార్చి ఉండొచ్చు. నాయన చేనిలోనే ఉన్నాడు, వీపు పగులుతుందని ఊరుకున్నాను. రేపన్నాను, ఎల్లుండన్నాను. మరుసటి పెద్దల అమావాస్యకు జేజి, చూపు ఆనని కళ్లతో, ఉత్త నేల పక్కన కూర్చుని బిడ్డతో మాట్లాడింది. లేచేటప్పుడు నా దోసిట్లో శెనక్కాయలు పోసింది. తిన్నాను.

జేజి పోయేనాటికి నాకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు. దెబ్బలు కొట్టేవాళ్లెవరూ లేరు. అయినా రాయి పక్కన గుంత తవ్వుతుంటే చూస్తూ నిలబడ్డాను. తర్వాత సోలార్‌వాళ్లకు చేను లీజుకిచ్చినప్పుడు, ఆ రెండు సమాధులకూ చోటు వదలాల్సిందేనని నాయన పట్టుబట్టి కంచె వేయించాడు. మిగతా చేనంతా ప్యానెళ్లు పరిచారు.

నిన్న మేనత్తతో అక్కడికి వెళ్లాను. చింతచెట్టు లేదు, గెట్టు లేదు, గొర్రెలు తిరిగే బీడూ లేదు. కంచెలోపల జేజి సమాధి, పక్కన ఆ రాయి. ఉడికించిన శెనక్కాయలు అత్త ఒడిలో ఉన్నాయి.

"రాసుకోమ్మే, తల్లీబిడ్డా ఒకే తావున ఉండారని."

పెన్ను కదల్లేదు. చెప్పేశాను. చింతకాయలు, గొర్రెలు, ప్రమిద పెంకు, అంతా.

అత్త కంచె పట్టుకుంది.

"మాయమ్మ అడిగింది అదొక్కటే గదమ్మే," అంది. కంచె అవతలికి చూస్తూ, "యాడుండాది మరి మాయక్క?" అంది.

రాయి నుంచి ఇరవై అడుగులు అంచనా వేసి, కంచె అవతల రెండో వరుస ప్యానెళ్ల కింద చూపించాను. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. సగం కాయలు జేజి దగ్గర పెట్టి, మిగతావి గుప్పెళ్లతో కంచె మీదుగా విసిరింది. కొన్ని ఇవతలే పడ్డాయి, కొన్ని అద్దాల మీద టపటపా రాలి జారిపోయాయి. ఆఖరి గుప్పెడు తెచ్చి నా చేతిలో పోసింది.

"నువ్వెయ్యమ్మే. ఆ జాగా తెలిసేది నీకే గదా."