కడుపునొప్పి నటించిన సూర్యారావు

ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరయ్యాక సూర్యారావుకు ఒక మెడికల్ కాలేజీలో రోగిగా నటించే పని దొరికింది. తాత విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాడు. సూర్యారావు పుట్టిందీ పెరిగిందీ సింగపూర్‌లోనే. వారానికి రెండు రోజులు మంచం మీద పడుకుని, విద్యార్థులు పొట్ట కుడివైపు కింద నొక్కగానే మూలగాలి. ఆయన మూలుగుకు కొత్తవాళ్లు హడలిపోయి చెయ్యి తీసేసేవాళ్లు.

2020 ఏప్రిల్‌లో అన్నీ మూతపడ్డాయి. పాఠాలు కంప్యూటర్‌లోకి మారాయి. ఊరి శివారు బుకిట్ పంజాంగ్‌లోని తమ ఫ్లాట్‌లో కూతురు యోగిత లాప్‌టాప్ అమర్చి పెట్టేది.

"అంకుల్, కుడివైపు కింద మీరే నొక్కుకోండి" అనేవాళ్లు విద్యార్థులు తెరలోంచి.

ఆయన నొక్కుకుని మూలిగేవాడు. వాళ్లు రాసుకునేవాళ్లు. ఏడాది పైగా ఇదే తంతు. మధ్యలో ఒకసారి, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోందని కూతురితో అన్నాడు.

"ఇంట్లో కూర్చుంటే ఆకలెక్కడిది నాన్నా?" అంది యోగిత. అదీ నిజమే అనుకున్నాడు.

కాలేజీకి మళ్లీ రమ్మన్న మొదటి రోజు, అభిజిత్ అనే నాలుగో సంవత్సరం కుర్రాడు వచ్చాడు. పేరు చూసి తెలుగులో పలకరించాడు. ఊరికి అటు చివర టాంపినీస్‌లో ఉంటారట.

"అంకుల్, సారీ. పేషెంట్ పొట్ట మీద చెయ్యి వెయ్యడం నాకిదే ఫస్ట్ టైమ్. ఫోర్త్ ఇయర్ ఆల్రెడీ, సిగ్గుగా ఉంది లా" అన్నాడు సింగపూర్ యాస కలిపి.

"పర్లేదయ్యా, నొక్కు."

చల్లటి వేళ్లు కుడివైపు తడిమాయి. సూర్యారావు అలవాటుగా మూలిగాడు. ఆ చెయ్యి ఎడమవైపుకు జరిగి, పక్కటెముకల కింద ఆగిపోయింది. మళ్లీ నొక్కింది. మాస్కు పైన కుర్రాడి కళ్లు పెద్దవయ్యాయి.

"అంకుల్, ఇక్కడ కూడా యాక్టింగేనా?"

"అక్కడేం లేదే!"

అభిజిత్ పరుగున వెళ్లి ప్రొఫెసర్‌ను పిలుచుకొచ్చాడు. తన పొరపాటేనేమో అని దారంతా చెబుతూనే ఉన్నాడు. ఆవిడ ఒక్కసారి నొక్కి చూసి, సూర్యారావు చెయ్యి పట్టుకుని అక్కడే పెట్టించింది. పలకలా గట్టిగా తగిలింది. ఏడాదిగా తన పొట్టను తానే నొక్కుకున్నాడు, ఇంతమంది చూస్తుండగా. జానెడు దూరంలో ఇదుంది!

రక్తపరీక్షలో తేలింది: బ్లడ్ క్యాన్సర్, దానివల్ల ఎడమ పక్కటెముకల కింద ఉండే ప్లీహం వాచింది. నెమ్మదిగా ముదిరే రకమనీ రోజుకో మాత్రతో అదుపులో ఉంటుందనీ డాక్టరు చెప్పాడు. ఆ వాపు కడుపును నొక్కడం వల్లే నాలుగు ముద్దలకే నిండినట్టు ఉండేదన్నాడు. ఆకలి గురించి తనన్న మాట గుర్తొచ్చి యోగిత ఏడ్చేసింది.

మందు మొదలుపెట్టిన రెండో రోజే సూర్యారావు కాలేజీకి ఫోన్ చేశాడు.

"వాపు తగ్గిపోకముందే పిల్లల్ని పిలవండి మేడమ్. అందరూ పట్టి చూడాలి."

ఎనిమిది మంది వచ్చారు. వరుసలో నిలబడి ఒక్కొక్కరే నొక్కి చూశారు. ఒకమ్మాయికి ఎంత వెతికినా దొరకలేదు. సూర్యారావు మూలగలేదు. ఊపిరి గట్టిగా పీల్చి, ఆమె వేళ్ల కిందికి ఆ గట్టితనం దిగేదాకా కదలకుండా పడుకున్నాడు.