కాంతమ్మ అడిగిన సాయం

ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ఖమ్మంలో పదకొండేళ్లుగా క్యాన్సర్ వైద్యం చేస్తున్నాను. ఎన్నో చావులు చూశాను. పోయినవాళ్లెవరూ తిరిగి రాలేదు.

నెలకోసారి మణుగూరు వెళ్లి అక్కడి పేషెంట్లను చూస్తుంటాను. కాంతమ్మ నాకు అక్కడే పరిచయం. భర్త బొగ్గు గనిలో పనిచేస్తాడు. రొమ్ము క్యాన్సర్ ముదిరాక వచ్చింది. ఏడాది ప్రయత్నించాక, నొప్పి మాత్రలు తప్ప ఇవ్వడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.

ఒక నెల అలాగే వెళ్లాను. పొద్దున పదకొండింటికి టీ తాగి వస్తుంటే వరండాలో కాంతమ్మ కనిపించింది.

"మేడమ్, మా చెల్లె వచ్చింది. ఆమెను గూడ జర చూడుండ్రి" అంది.

పంపించమని చెప్పి నా గదిలోకి వెళ్లాను.

కాసేపటికి ముప్పై అయిదేళ్లావిడ వచ్చి, మాత్రల పొట్లం బల్ల మీద పెట్టింది. పేరు పద్మ, కాంతమ్మ చెల్లెలినని చెప్పింది. మిగిలిన మాత్రలు ఇంకెవరికైనా పనికొస్తాయని తెచ్చిందట. పరీక్ష చేస్తాను, పడుకోమన్నాను. తనకే జబ్బూ లేదంది. మీ అక్కే చూడమంది కదా అన్నాను.

పద్మ మాత్రల పొట్లాన్ని నా వైపు జరిపింది.

"అక్క పోయి ఇయ్యాల్టికి పంతొమ్మిది రోజులు మేడమ్."

నర్సును అడిగితే, వరండాలో కాంతమ్మను చూడలేదంది. ఎందుకో పద్మ తనంతట తనే పరీక్షకు పడుకుంది. ఎడమ రొమ్ములో శనగగింజంత గడ్డ చేతికి తగిలింది. పరీక్షల్లో తేలింది క్యాన్సరే, కానీ తొలిదశ. వెంటనే ఆపరేషన్ చేయించాం. నాలుగేళ్లయింది. ఇప్పుడు పత్తి ఏరడానికి వెళ్తోంది.

ఈ జబ్బు తోబుట్టువులకూ రావచ్చు కనుక, అక్కచెల్లెళ్లున్నారా అని పేషెంట్లను అడగడం నా పని. కాంతమ్మను అడగలేదు. ఆ తప్పును నా మనసే గుర్తుచేసిందేమో అనుకుంటాను. కానీ చెల్లెలు బయట కూర్చున్న సంగతి నా మనసుకెలా తెలుస్తుంది?

మొన్న చెకప్‌కి వచ్చినప్పుడు పద్మ మొదటిసారి ఆ మాట ఎత్తింది.

"ఆ దినం మా అక్క ఎట్లుండె మేడమ్? నొప్పి పడుతుండెనా?"

లేదన్నాను. ఎప్పట్లా గోడ పట్టుకోకుండా, నిటారుగా నిలబడి మాట్లాడిందని చెప్పాను. పద్మ కళ్లు తుడుచుకుంది. ఓదార్చడానికి చెప్పిన మాట కాదది. నేను చూసింది అదే. ఎలా చూశానో మాత్రం ఇప్పటికీ చెప్పలేను.