కోతపండగకు అడవి ఆముదం

మా నాన్న తెలివితక్కువవాడు కాదు. ఇది ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ వినేవాళ్ళు ఒక నవ్వు నవ్వేస్తారు, నాకు ఒళ్ళు మండుతుంది.

సామర్లకోటకు పైన మాది మెట్ట. ధవళేశ్వరం నీళ్ళు కాలువల్లో పడి కిందికి పోతాయి గాని మా చేలకు ఎక్కవు. వాన పడితే పంట, లేకపోతే ఆకాశం వంక చూడటం. అలాంటి చోటికి కంపెనీవాళ్ళు జీపులో వచ్చారు. అడవి ఆముదం వేయండి, గింజల నుంచి డీజిలు తీస్తాం, నీళ్ళు పెద్దగా అక్కర్లేదు, పశువులు ముట్టవు, కాసిందంతా మేమే కొంటాం అన్నారు. అందులో అబద్ధంలా వినిపించే మాట ఒక్కటైనా ఉందా? దేశానికి నూనె కావాలి, మాకు ఎండకు చావని పంట కావాలి. నాన్న కర్రపెండలం మానేసి రెండెకరాలూ అదే వేశాడు. ఆయన మాట మీద మా బాబాయి కాపులో ఉన్న జీడిమామిడి తోట కొట్టించి మరీ వేశాడు.

మా వైపు ఆ మొక్కను దడికి తప్ప ఎవరూ నాటరు. "దడిలో ఉండాల్సింది చేలోకి తెచ్చావేంటి అన్నయ్యా?" అని మా మేనత్త వేళాకోళమాడింది.

"కంచే చేను మెయ్యడం విన్నావు. కంచే పంటవడం చూద్దువు గానిలే" అన్నాడు నాన్న.

మొక్క చావలేదు. కంపెనీవాళ్ళు ఆ మాట నిజమే చెప్పారు. చావలేదు, కాయలేదు. మూడో ఏడు రెండెకరాలూ ఏరితే ఒక గంపెడు గింజలు వచ్చాయి. కాకినాడలో వాళ్ళ ఆఫీసుకు వెళ్తే తలుపుకి తాళం. ఎప్పుడో ఖాళీ చేశారండి అన్నాడు పక్కన టీకొట్టు అతను. నీళ్ళూ ఎరువూ పెడితే బాగా కాసేదని తర్వాత ఎవరో చదువుకున్నాయన చెప్పాడు. నీళ్ళే ఉంటే వరి వేసుకోమా? ఇప్పుడు ఇథనాల్‌కి మొక్కజొన్న వేయమని మళ్ళీ తిరుగుతున్నారు. మంచిదే కావచ్చు. కొనేవాడు కనపడకపోతే కనీసం కంకి కాల్చుకుని తినొచ్చు.

బాబాయి నాన్నను ఒక్క మాట అనలేదు. అసలు మాట్లాడటమే మానేశాడు. అప్పట్నుంచి నాన్నకు తిండి సయించలేదు. తమ్ముడి తోట కొట్టించింది పంట కోసమే గాని పిచ్చెక్కి కాదని పదిమందిలో ఎవరో ఒకరు ఒప్పుకోవాలి. ఆ ఏడు ఆయనకు కావలసింది అదొక్కటే.

మా చర్చిలో కోతపండగనాడు ఎవరి తొలిపంట వాళ్ళు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. పాస్టరుగారు ప్రార్థన చేశాక వాటికి వేలంపాట పెడతారు. గుమ్మడికాయలు, అరటిగెలలు, కొబ్బరికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. ఆ వరసలో నాన్న తన గంప పెట్టాడు. కొత్త తువ్వాలు కప్పి మరీ తెచ్చాడు. పాస్టరుగారు కాస్త తటపటాయించి, దాని మీద కూడా చెయ్యి చాపి ప్రార్థన చేశారు.

గుమ్మడికాయ కోసం పోటీలు పడినవాళ్ళు గంప దగ్గరికి వచ్చేసరికి చేతులు ముడుచుకున్నారు. వేలం నడిపిస్తున్న సంఘపెద్ద మంచివాడే. "దీపానికైనా పనికొస్తుందండీ, పాడండి" అన్నాడు. మగవాళ్ళ వైపు ఎవరో నవ్వారు. నాన్న బాబాయి వైపు చూశాడు. చూస్తున్నాడని బాబాయికి తెలుసు. ఆయన పాటల పుస్తకం తెరిచి తల దించుకున్నాడు. నా పక్కన అమ్మ ముసుగు ముఖం మీదికి లాక్కుంది. ఆ చర్చిలో ఉన్న ప్రతి మనిషి మీదా నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ పోలేదు. ఒక్కరు చెయ్యెత్తితే ఏం పోయేది?

చివరికి నాన్నే ఎత్తాడు. తన కానుకను తనే పాడుకున్నాడు. సంఘపెద్ద ఇంకెవరినీ అడక్కుండా పాట ఖాయం చేసేశాడు.

పాటలో తెచ్చుకున్నదాన్ని ఆ మధ్యాహ్నమే వండుకోవడం మావాళ్ళ అలవాటు. ప్రార్థన చేసినది గనక ఇంటిల్లిపాదికీ ఒక్క ముద్దయినా పెడతారు. పక్కింట్లో గుమ్మడికాయ పులుసు ఉడుకుతోంది. మా గింజలు రెండు మూడు నమిలినా వాంతులు పట్టుకుంటాయి. అమ్మ గంపను పిల్లలకు అందకుండా అటకెక్కించి, మా అందరికీ పప్పుచారు పోసింది. నాన్న అన్నం కలుపుతున్నాడే గాని నోట్లో పెట్టుకోవడం లేదు.

"ఎందుకండీ పాడారు? ఎవరూ పాడకపోతే అక్కడే ఉండిపోయేదిగా" అంది అమ్మ.

నాన్న మా కంచాల వైపు చూశాడు.

"నా పిల్లల నోట్లో పెట్టలేనిది తీసుకెళ్ళి దేవుడి ముందు పెట్టానే" అన్నాడు. కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.