కవరులో ఉన్న నక్షత్రం

పొద్దున ఐదింటికి సికింద్రాబాద్‌ల విశాఖ బండి ఎక్కిన. తిరుమలగిరి నుంచి ఆటో రెండు వందలన్నడు, బేరమాడబుద్ధి కాలే. విశాఖల మా న్యూట్రినో గ్రూపు ఒక కవరు విప్పబోతున్నది.

పెద్ద నక్షత్రం కుప్పకూలితే నడుమ న్యూట్రాన్ తార పుడుతది. అది చల్లారుకుంట కొన్ని సెకన్లు న్యూట్రినోలను, అంటే దేన్నైనా దాటిపోయే సన్నటి కణాలను, వదుల్తది. పాత డేటాల నాకు అసొంటి జాడ దొరికింది. అయితే మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. మేం జాగ్రత్తగ ఉన్నమో లేదో చూడనీకి, మాలనే ఒకరు చాటుగ డేటాల దొంగ నక్షత్రాన్ని కలుపుతరు. కలిపిన సంగతి రాసి కవరుకు సీలేస్తరు. కలపకుంటే అండ్ల ఖాళీ కాగితమే ఉంటది.

ఏడున్నరకు ఉప్మా ఇచ్చిన్రు, చల్లగుండె. పక్క సీటు పెద్దావిడ రాజమండ్రి దాకా.

"ఒక్కరే వెళ్తున్నారేంటమ్మా?"

"తోడొచ్చే మూర్తి గారు పోయిన వానకాలం కాలంజేసిన్రండి."

"మీ వారా?"

"కాదు. పద్దెనిమిదేండ్లు ఒకే గదిల ఎదురెదురు బల్లలు."

ఆ తార ఎన్ని సెకన్లు చల్లారుతదని రోజూ కొట్లాడేటోళ్లం. ఆయన పన్నెండనేది, నేను ఎనిమిదనేదాన్ని. నాకు దొరికిన జాడ సరిగ్గ పన్నెండు. నక్షత్రం నిజమైతే మూర్తి గారి లెక్క గెలుస్తది. నేను ఓడిపోవాల్నని దేవునికి మొక్కుకున్న.

గోదావరి వచ్చినంక ఆవిడ దిగిపోయింది. ఒంటిగంటన్నరకు విశాఖ. స్టేషన్ ఎదురుంగ లాడ్జిల సామాన్లు పెట్టి, మీల్స్ తిని, మూడింటికి మీటింగుకు పోయిన.

గ్రూపు పెద్దాయన కవరు చింపి కాగితం నా చేతికిచ్చిన్రు. ఖాళీగ లేదు. మూర్తి గారి దస్తూరీ, పోకముందు రాసింది. దొంగ నక్షత్రాన్ని తన పన్నెండు సెకన్ల లెక్కతోనే కలిపిన్రు. కింద ఒక మాట: "శారద గారూ, పన్నెండు చూడగానే మీరు నాతో పోట్లాటకు దిగుతారు. దొంగ అక్కడే దొరికిపోతాడు."

నేను కొట్లాడలే. ఆయన లేరన్న దుఃఖంల ఆ పన్నెండును ఒక్కసారి సుత అనుమానించలే. అందరూ చాయ్ తాగనీకి లేచిన్రు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

తెల్లారి మధ్యాహ్నం బండికి తిరుగు ప్రయాణం. ఈ దారిల పోయేటోళ్లు కిటికీ సీటు తీసుకోండి, గోదావరి బాగుంటది. నేనైతే చూడలే. ఆ కాగితం వెనుక పన్నెండు ఎందుకు తప్పో రాసుడు షురూ చేసిన. చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టే. సికింద్రాబాద్ వచ్చేసరికి నాలుగు తప్పులు దొరికినయి. చెప్పనీకి పక్కకు తిరిగిన, సీటు ఖాళీగుండె.