షట్టర్ జారింది

స్విఫ్ట్ పిట్టను ఫొటో తీయడమంటే ఏమిటో తెలియాలంటే నా పాత మెమరీ కార్డులు చూడాలి. అన్నింట్లోనూ ఖాళీ ఆకాశమే. కొన్నింట్లో ఓ మూలన రెక్క చివర, ఇంకొన్నింట్లో నల్లటి మరక. వెనకున్న అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డులు మాత్రం అక్షరం పొల్లుపోకుండా వచ్చేవి. కొంగ నిలబడి పోజు ఇస్తుంది. తూనీగ కూడా కాసేపు వాలుతుంది. ఈ పిట్ట మాత్రం తిండీ నీళ్లూ అన్నీ గాల్లోనే కానిచ్చేస్తుంది, గూట్లోకి దూరేటప్పుడు తప్ప ఎక్కడా ఆగదు. దాని కాళ్లు మరీ పొట్టివి. నేల మీద పడితే మళ్లీ లేవడం దానికి పెద్ద కష్టం.

నాకు అసలే ఓపిక తక్కువ. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర పచ్చ లైటు పడకముందే హారన్ కొట్టే రకాన్ని. "నువ్వూ, పిట్టల ఫొటోలూనా?" అని మా ఆవిడ నవ్వేది. ఆ నవ్వు కోసమైనా ఒక్క మంచి ఫొటో తీయాలని పట్టుబట్టాను.

మెట్రో స్టేషన్ వెనక సందులో, పాత కాంప్లెక్స్ కింద, ఒక అక్క జాకెట్లు కుడుతుంది. నేతపని చేసే ఇంట్లో పుట్టి, పెళ్లయ్యాక నగరానికి వచ్చి మిషన్ పట్టిన మనిషి. ఆమె దుకాణం ముందున్న వరండా కప్పుకు, సరిగ్గా షట్టర్ పైన, పదిదాకా స్విఫ్ట్ గూళ్లు ఉంటాయి. ఈ పిట్టలు గాల్లో దొరికిన ఈకలూ పీచూ ఉమ్మితో అతికించి గూడు కట్టుకుంటాయి. ఆ గూళ్లలో ఎర్ర దారం, పచ్చ దారం, అక్కడక్కడా జరీ పోగు కనబడేవి. గూళ్లు కట్టే రోజుల్లో అక్క దారం ముక్కలు అరచేతిలో పెట్టుకుని బయటికి ఊదేదట, పిట్టలు వచ్చి గాల్లోనే అందుకునేవట.

మొదటి రోజు నేను రోడ్డుకు అవతల పెద్ద లెన్స్ పెట్టుకుని నిలబడితే, మెడలో టేపుతో అలాగే దాటి వచ్చింది.

"ఓ తమ్మీ, గా డబ్బా పట్టుకొని ఎదురుంగ నిలవడితే నా దుకాణానికి ఆడోళ్లు ఎట్లొస్తరు? తీసుకునేదుంటే పొద్దుగాల రా, గిరాకీ రాకముందు."

అప్పటి నుంచి వారానికి రెండు మూడు రోజులు ఏడింటికే వెళ్లేవాణ్ని. స్టూలు వేసేది. చాయ్ తెచ్చేది. గూళ్లలో పిల్లలున్నన్ని రోజులూ షట్టర్‌ను చప్పుడు కానిచ్చేది కాదు. గాడిలో మిషన్ నూనె వేసి, రెండు చేతులతో నిమ్మళంగా, ఉయ్యాలలో పిల్ల లేవకుండా చూసుకున్నట్టు ఎత్తేది.

"దడదడమంటే గవి బెదిరి ఒక్కసారే దునుకుతయి తమ్మీ. పిల్లలు కింద పడ్తయి," అని నాకు చెప్పింది. చెప్పింది కాబట్టే ఇదంతా రాస్తున్నాను. తెలియక చేశానని అనడానికి నాకు వీల్లేదు.

ఐదు నెలలు గడిచాయి. ఒక్క ఫొటో కుదరలేదు. ఒక రోజు మబ్బు పట్టింది, పెద్ద పిట్టలు కూడా గూళ్లలోనే ఉండిపోయాయి. ముందు రోజే మా ఫొటోల గ్రూపులో బంజారా హిల్స్ ఆయనొకరు, నీళ్ల మీద వాలుగా దూసుకుపోతున్న స్విఫ్ట్ ఫొటో పెట్టాడు. కంటిపాపతో సహా కనబడుతోంది. నాకు కడుపు మండిపోయింది. తొమ్మిదిన్నరకు ఆఫీసులో మీటింగు. అక్క చాయ్ తేవడానికి వెళ్లింది. కెమెరా వరండాలోనే నా పక్కన స్టాండు మీద ఉంది, దాని రిమోటు నా ఎడమ చేతిలో ఉంది.

కుడి చేత్తో, ఎత్తి ఉన్న షట్టర్ పట్టుకుని కిందికి ఒక్క గుంజు గుంజాను.

ఆ చప్పుడుకు గూళ్లన్నీ ఒక్కసారి ఖాళీ అయ్యాయి. కెమెరా టకటకా కొట్టుకుంది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు పట్టలేని సంతోషం కలిగింది. స్క్రీన్ మీద చూసుకుంటూ రెండడుగులు వెనక్కి వేశాకే, కాలి పక్కన సిమెంటు మీద ఈకలు పూర్తిగా రాని పిల్ల కనబడింది. పైన ఒక గూడు అంచు ఊడి వేలాడుతోంది.

అక్క చాయ్ గ్లాసులతో పరుగున వచ్చింది. "ఏమైంది తమ్మీ?"

"షట్టర్ జారిందక్కా."

ఆమె నా ముఖం వైపు చూడనైనా లేదు. షట్టర్ వైపు చూసింది, తర్వాత నూనె సీసా వైపు చూసింది. "నా పాపమే. నిన్న నూనె ఎక్కువేసిన," అంది. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. ఆమె గుండీల డబ్బా ఖాళీ చేసి, దూది పరిచి, పిల్లను అందులో పెట్టింది. నేను మీటింగుకు వెళ్లిపోయాను. సాయంత్రం ఫోను చేసింది. "పోయింది తమ్మీ," అని పెట్టేసింది.

ఫొటో మాత్రం అద్భుతంగా వచ్చింది. పది పన్నెండు పిట్టలు, కొడవలి రెక్కలన్నీ విచ్చుకుని. "ఎంత ఓపిక సార్ మీది!" అని గ్రూపులో అందరూ రాశారు. "ఐదు నెలలు" అని జవాబిచ్చాను. మా ఆవిడ కూడా ఈసారి నవ్వలేదు, మెచ్చుకుంది. తప్పు కడుక్కున్నట్టవుతుందని ఫ్రేము కట్టించి అక్కకు ఇచ్చాను. అద్దం పక్కన తగిలించి, వచ్చిన ప్రతి గిరాకీకీ "మా తమ్ముడు తీసిండు" అని చూపించేది. ఒకరోజు దాని మీద వేలు పెట్టి అడిగింది.

"గిన్ని ఒక్కసారే ఎట్ల లేసినయి తమ్మీ?"

"గద్ద వచ్చిందక్కా," అన్నాను. మొదటి అబద్ధం భయంతో ఆడింది. ఇది మాత్రం తడుముకోకుండా వచ్చింది. అందుకే దీనికే ఎక్కువ సిగ్గుపడతాను.

మరుసటి ఏడు పిల్లల కాలంలో, ఈసారి నిజం చెప్పేద్దామని కెమెరా లేకుండా వెళ్లాను. షట్టర్ నడుము ఎత్తు దాకానే లేచి ఉంది. జారకుండా రెండు వైపులా కట్టెలు ఆనించి ఉన్నాయి. గాడిలో నూనె లేదు, తుప్పు పట్టింది. అక్క మోకాలు పట్టుకుని, వంగి, కష్టంగా కింది నుంచి బయటికి వచ్చింది. పోయిన ఏటి నుంచి పిల్లలున్నన్నాళ్లూ ఇంతేనట. రోజుకు ఎన్నిసార్లు వంగుతుందో నేను అడగలేదు. ఆమెతో పాటు దుకాణానికొచ్చే ఆడవాళ్లూ వంగే వెళ్తున్నారు.

"అక్కా, నీకొక మాట..." అన్నాను.

"లోపటికొచ్చి చెప్పు తమ్మీ, చాయ్ తాగుదువు. షట్టర్‌కు మాత్రం చెయ్యి తగలనియ్యకు. అది నమ్మేటట్టు లేదు, పోయినేడు నువ్వే చూసినవు గద. జర వంగి రా."

వంగి లోపలికి వెళ్లాను. చాయ్ తాగి వచ్చేశాను.