ఆఖరి బోల్టు

పరశురాములుకు మిర్యాలగూడలో రెండు పేర్లున్నాయి. ముప్పై ఏళ్ళుగా ఉన్నది రేకుల పరశురాములు. రెండేళ్ళ కింద వచ్చింది గాలిపటాల పరశురాములు. కోదాడ దగ్గర ఒక గోదాముకు ఆయన వేసిన రేకులు మే నెల ఈదురుగాలికి లేచి, మూడు చేన్ల అవతల పడ్డాయి. ఎవరికీ దెబ్బ తగలలేదు, ఆయన పేరుకు తప్ప. ఆ ఏడాది మళ్ళీ ఎవరూ పనికి పిలవలేదు.

ఆయనది మా గల్లీయే. పొద్దున చాయ్ దగ్గర ఒకే బల్ల మీద కూర్చుంటాం.

"సార్, మనిషికి దెబ్బ తాకితే దవాఖాన ఉంటది. పేరుకు తాకితే యాడికి పోవాలె?" అన్నాడొకరోజు.

జవాబు వెతుక్కుంటూ ఆయన కోదాడే పోయాడు. మిరప చేలల్లో వెతికి, ఎగిరిపోయిన రేకుల్లో ఒకదాని ముక్క కోసి తెచ్చాడు. జానెడు ముక్క, దానిలో బోల్టు పట్టిన రంధ్రం. గుండ్రంగా ఉండాల్సింది చింతగింజంత సాగి ఉంది.

"బోల్టు ఊడలే సార్, బొక్క పెరిగింది. పగటీలి ఎండకు రేకు సాగుతది, రాత్రికి గుంజుకుంటది. బోల్టేమో కదలది. దినాం గిట్ల రాకి రాకి బొక్క పెద్దగైతది. కింద రబ్బరు వాషరు నాలుగు ఎండకాలాలకే పగులుతది. ఇగ గాలికి వేలు దూరినంత సందు దొరికితే సాలు." ముక్కను తిప్పి చూసుకుని నెమ్మదిగా అన్నాడు: "ముప్పై ఏండ్ల సంది కప్పులు ఏస్తున్ననుకున్న. బొక్కలు ఏసుకుంట వచ్చిన."

ఆ తర్వాత ఒకసారి బంధువుల ఇంటికి మఠంపల్లి పోతూ, దారిలో కొత్తగా కడుతున్న ఒక పెద్ద షెడ్డు ముందు ఆయన ఆగిపోయాడు. కప్పు మీద ఒక్క బోల్టు తలకాయ కూడా కనిపించలేదు. రేకుల అంచులు నిలువుగా లేచి, ఒకదానిమీద ఒకటి మడత పడి, వరిమడి గట్లలా పైనుంచి కిందికి సాగి ఉన్నాయి. వాచ్‌మన్ కసిరేదాకా చూస్తూ నిలబడ్డాడు. మర్నాడు అక్కడే కూలికి కుదిరాడు. యాభై ఆరేళ్ళ ఉస్తాదు, పాతికేళ్ళ వాళ్ళకు నిచ్చెన పట్టాడు.

"ముసలితనంల కొత్త బడి. పలక కొనియ్యాల్నా?" అని భార్య విజయ ఎగతాళి చేసింది.

"పలక ఒద్దు గని సద్ది జర ఎక్కువ కట్టు" అన్నాడట.

చలికాలమంతా అక్కడే పనిచేసి ఆ విద్య పట్టాడు. దానికి స్టాండింగ్ సీమ్ అని పేరుందట. ఈయన మడత కప్పు అంటాడు. కప్పు నడినెత్తిన, నడికొప్పు దగ్గర మాత్రం రేకును గట్టిగా పట్టి ఉంచుతారు. మిగతా పొడవంతా అది మడత లోపల దాగిన క్లిప్పుల్లో అటూ ఇటూ జారుతుంది. "మిట్టమధ్యాహ్నానికి వడ్లగింజంత పెరుగుతది సార్. పెరగనియ్యాలె. ఆపితేనే లొల్లి."

విద్య వచ్చింది గాని, పని ఇచ్చేవాళ్ళు లేరు. అప్పుడు చివ్వెంల దిక్కు ఒక తండా నుంచి గౌరీబాయి ఫోను చేసింది. తండా ఆడవాళ్ళ సంఘానికి ఆమే పెద్ద. వాళ్ళ విత్తనాల షెడ్డు మీది పాత సిమెంటు రేకులు రాళ్ళవానకు పగిలి, లోపల కొన్ని బస్తాల్లో వడ్లు మొలకెత్తాయి. ఇంకోసారి తడిస్తే వానాకాలానికి తండా చేతిలో విత్తనం ఉండదు.

పరశురాములు పోయేసరికి ఆమె మరిది బిచ్చా మంచం మీద కూర్చుని ఉన్నాడు. "వదినా, గాలిపటాలాయనకు ఇస్తున్నవా పని? దారం గూడ కొని పెట్టుకో" అన్నాడు.

పరశురాములు సంచిలోంచి ఆ రేకు ముక్క తీసి గౌరీబాయి చేతిలో పెట్టాడు. "ఇది నేనేసిందే అక్కా. ఎందుకు లేసిందో సూడు." అంతా విడమర్చి చెప్పాడు.

"మరి బోల్టే లేకుంటే గాలికి ఎట్ల ఆగుతది?"

ఆయన ఆమె కొంగు కుట్టు చూపించాడు. రెండు అంచులు కలిపి, మడిచి, మళ్ళీ మడిచిన కుట్టు. "గిది పట్టి గుంజు."

ఆమె గుంజింది. బట్ట సాగింది గాని కుట్టు వీడలేదు. చిన్నప్పటినుంచి సూది పట్టిన చెయ్యి కదా, ఇంకేమీ అడగలేదు. ధర సగం ఎక్కువని సంఘంలో గొణుగుడు లేచింది. "తన తప్పును సంచిల ఏసుకొని తిరిగేటోడు మళ్ళ ఆ తప్పు చెయ్యడు" అని ఆమె వాళ్ళ నోరు మూయించింది. మందమైన రేకు, ఎండను తిప్పికొట్టే తెల్ల రంగు ఆయనే ఎంచాడు. పన్నెండు రోజులు పని సాగింది.

చివరి రోజు తప్పు జరిగింది.

పరశురాములుకు పని నేర్పిన ఉస్తాదు ఒక ఆచారం పెట్టిపోయాడు. కప్పు పూర్తయ్యాక ఆఖరి బోల్టుకు పసుపు కుంకుమ పెట్టి, ఆ ఇంటామె చేత బిగింపజేసి, కొబ్బరికాయ కొట్టాలి. ముప్పై ఏళ్ళుగా ఆయన వేసిన ప్రతి కప్పుకూ జరిగిందే కాబట్టి, ఆ సంగతి తండాలో అందరికీ తెలుసు. గౌరీబాయి పసుపు పళ్ళెంతో, వెనక ఇరవై మంది ఆడవాళ్ళతో వచ్చి నిచ్చెన కింద నిలబడింది. ఈ కప్పుకు బోల్టు లేదని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. ముప్పై ఏళ్ళ చెయ్యి తనంతట తానే సంచిలోకి పోయి పాత బోల్టు ఒకటి తీసింది. చూరు దగ్గర, చివరి రేకుకు ఆమె బిగించింది. కాయ పగిలింది. అందరూ చప్పట్లు కొట్టారు.

మనసు ఊరుకోక పది రోజులకు మళ్ళీ పోయాడు. మిట్టమధ్యాహ్నం. అన్ని రేకులూ సాఫీగా ఉన్నాయి. ఆ ఒక్కటి కడుపు ఉబ్బి టప్పుమంటోంది. ఎక్కి చూస్తే బోల్టు చుట్టూ రంధ్రం అప్పుడే సాగడం మొదలైంది.

దిగివచ్చి గౌరీబాయికి ఉన్నమాట చెప్పి, ఆ బోల్టు తియ్యాలన్నాడు.

"నాతోని బిగిపిచ్చి, ఇప్పుడు నన్నే పీకమంటవా? మంగళం జేసిన బోల్టు తీస్తరా ఎవలన్న?" ఆమె గొంతు లేచింది.

"ముందే చెప్పలేదా? దారం తెగింది" అన్నాడు బిచ్చా.

"తప్పు నాదే అక్కా. ఆ దినం నీకు అడ్డం చెప్పనీకి మొకం చెల్లలే. రేకు నా సొంతంది తెచ్చి ఏస్త."

"బోల్టు లేకుంటే కప్పు పూర్తి అయినట్టెట్ల మరి?"

"కుట్టుకు ఆఖరి ముడి ఎవలేస్తరక్కా?"

ఆమె తన కొంగు కుట్టు చివరను వేలితో తడిమింది. "తియ్యి" అంది.

రేకు మార్చి, మడత మొత్తం తానే కొట్టి, చివర జానెడు మాత్రం వదిలాడు. మడత పట్కారు ఆమె చేతికిచ్చాడు. గౌరీబాయి అంచుకు పసుపు రాసి, రెండు చేతులతో పట్కారు నొక్కి, ఆ జానెడూ మడిచింది. ఈసారి కాయ పగలగొట్టింది పరశురాములు.

నాలుగో రోజు సాయంత్రం సూర్యాపేట, చివ్వెంల దిక్కు ఆకాశం నల్లబడింది. పరశురాములు దొరికిన బస్సెక్కి తండా చేరేసరికి గాలి మొదలైంది. షెడ్డులో ఆడవాళ్ళంతా బస్తాల మీద కూర్చుని పైకే చూస్తున్నారు. ఆయనా పోయి వాళ్ళ మధ్య కూర్చున్నాడు. కుంకుడుకాయలంత రాళ్ళు పడ్డాయి. ఆ మోతలో పక్కవాళ్ళ మాట వినబడలేదు. తలుపు సందులోంచి చూస్తే ఎవరివో రేకులు, పళ్ళేల్లా దొర్లుతూ పోయాయి.

అవి బిచ్చా బర్రెల కొట్టానివి. కాసేపటికి అతనే తడిసి ముద్దై, నెత్తిన ఒక బస్తా పెట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. "ఉస్తాద్, జర జాగ ఉందా?"

"ఉంది రా. దారం తెచ్చినవా?" అన్నాడు పరశురాములు.

ఆడవాళ్ళ నవ్వు రాళ్ళవాన మోతను మించిపోయింది. బిచ్చా కూడా నవ్వక తప్పలేదు.

వాన వెలిశాక గౌరీబాయి మూల బస్తాలోంచి నాలుగు గింజలు తీసి పంటికింద వేసుకుంది. కటుక్కుమంది. రెండోసారి కొరికింది. మళ్ళీ కటుక్కుమంది. పిడికెడు తీసి పరశురాములు దోసిట్లో పోసింది. "నువ్వు గూడ కొరికి సూడు అన్నా." ఆయన ఒకటి కొరికి, మిగతావి జేబులో పోసుకున్నాడు. ఈ మాట నాకు ఆయనే చెప్పాడు.

వారానికి, ఆ కప్పు నిలిచిన సంగతి విని, కోదాడ గోదాము యజమాని గౌరీబాయికి ఫోను చేశాడు. "అమ్మా, ఆ పరశురాములు పని నమ్మొచ్చంటారా? ఒకసారి దెబ్బ తిన్నవాణ్ణి, అందుకే అడుగుతున్నాను."

"గాలొచ్చి అడిగిపోయింది సారూ, దానికి కప్పే జవాబు చెప్పింది. నువ్వు లేటుగ అడుగుతున్నవ్" అందట ఆమె.

నిన్న పొద్దున పరశురాములు చాయ్‌కి రాలేదు. కోదాడ బస్సెక్కాడని విజయ చెప్పింది. సద్ది ఎక్కువే కట్టిందట. సంచిలో పట్కారు ఉంది, ఆ జానెడు రేకు ముక్కా ఉంది. బోల్టులు మాత్రం ఇంట్లోనే వదిలిపోయాడు.