ఎనిమిది గుర్రాలా, పదిహేను గుర్రాలా

నాకు చదువు లేదు. బస్సు మీద అంకె పోల్చుకోగలను, నా పేరు గీయగలను, అంతే. నేను చెబుతుంటే వేరొకరు రాస్తున్నారు. మధ్యలో ఎక్కడైనా ఆగితే ఏడుస్తున్నాననుకోవద్దు. ఆ ఏడుపు ఎప్పుడో అయిపోయింది.

మా పడవ మామగారు చేయించింది. నేను కాపురానికి వచ్చేసరికే అది ముసలిది. ఐదు బారల పొడుగు. ఏటా పలకల సందుల్లో జనుము కూరి, గుగ్గిలం కాచి పోసేవాళ్లం. గాలి ఉంటే తెరచాప, లేకపోతే తెడ్లు. మా ఆయన, మా మరిది, ఇద్దరే వెళ్లేవారు. చేప తెచ్చేది వాళ్లు, అమ్మేది నేను.

ఉక్కు ఫ్యాక్టరీ కోసం అవతల ఊళ్లు ఖాళీ చేయించి గోడలు లేపుతున్న రోజులవి. మా ఒడ్డున ఒక్కొక్క పడవకే ఇంజను వస్తోంది. వెనక బిగించుకునే ఇంజను. దాని బలాన్ని గుర్రాల్లో చెప్పేవారు. ఇంజను ఉన్నవాళ్లు ముందు ఒడ్డుకు వచ్చేవారు. తగరపువలస నుంచి గంపలతో వచ్చిన ఆడవాళ్లు వాళ్ల చేప నింపుకుని మొదటి బస్సుకు పోయేవారు. మా పడవ వచ్చేసరికి ఒడ్డున కాకులు, నేను. చచ్చిన చేప వయసు గంటల్లోనే ముదురుతుంది. మధ్యాహ్నం దాకా అమ్ముడుపోకపోతే దాన్ని ఉప్పులో వేయడమే. ఆ ఉప్పు చేతులతో ఎన్ని రోజులు అన్నం తిన్నానో నాకు తెలుసు.

చివరికి మా ఆయన ఇంజనుకు ఒప్పుకున్నాడు. హార్బరు దగ్గర షెడ్డులో మెకానిక్ దగ్గర రెండు ఉన్నాయి. ఎనిమిది గుర్రాలది ఒకటి, పదిహేను గుర్రాలది ఒకటి. మెకానిక్ మా పడవ దగ్గరకు వచ్చాడు. బారలు వేసి పొడుగు కొలిచాడు. వెనక పలక మీద గుద్ది, చెవి ఆనించి విన్నాడు, వైద్యుడు వీపు మీద విన్నట్టు.

“బావా, దీనికి ఎనిమిది సాలు. పదిహేనెట్టావనుకో, బరువంతా ఎనక్కి కూకుంటాది, ముక్కు పైకి లేత్తాది. ఈ ఎనక పలక ఆ తోపుకి ఆగదు.”

“మరి పక్కోల్లు పదిహేను ఎట్టలేదేటి?” అన్నాడు మరిది.

“ఆల్లది కొత్త పడవ. ఇదేటి, మీ అయ్య పెల్లినాటిది.”

మా అత్త అక్కడే వల బాగుచేస్తోంది. ఆవిడకు అప్పటికే చూపు మసక. “ఓరే, పదిహేను గుర్రాలకి గడ్డి ఎవులు కోత్తార్రా?” అంది. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చాక మా ఆయన్ని అడిగాను. “ఎనిమిదితో ఎల్తే మొదటి బస్సు అందుతాదా మావా?”

“అందదు.”

“మరెందుకది?”

“పడవ ఉండాల కదే.”

మరిది పదిహేనంటాడు. ఈయన ఎనిమిదంటాడు. రెండు రోజులు అన్నదమ్ములు మాట్లాడుకోలేదు. అప్పుడు అత్త, “మీకెందుకురా, అమ్మోరినడగండి” అంది.

మాలో పువ్వు అడగడం ఉంది. ఎర్ర పువ్వు ఒక ఆకులో, తెల్ల పువ్వు ఇంకో ఆకులో పెట్టి, ఒకేలా పొట్లాలు కట్టి, అమ్మవారి గద్దె మీద పెడతారు. ఇంట్లో పెద్దవాళ్లు కళ్లు మూసుకుని ఒకటి తీస్తారు. తీసిన పొట్లం విప్పుతారు. తీయని పొట్లం విప్పకూడదు, అలాగే సముద్రంలో వదిలేయాలి. ఆ మాట తిరిగి అడగకూడదు. పొట్లాలు కట్టాల్సింది ఇంటి పెద్ద కోడలు, తలస్నానం చేసి.

తెల్లది ఎనిమిది, ఎర్రది పదిహేను అనుకున్నారు.

నేను తలస్నానం చేశాను. రెండు ఆకులు పరిచాను. రెండింట్లోనూ ఎర్ర మందారమే పెట్టాను.

ఎందుకు పెట్టావంటే ఏం చెప్పను? మొదటి బస్సు కోసం పెట్టాను. నా చేతులు ఉప్పుకు పగిలి ఉన్నాయి. మందారం రేకులు మెత్తగా ఉన్నాయి. ఇంతకంటే నాకు తెలియదు.

అత్త కళ్లు మూసుకుని తడిమి ఒకటి తీసింది. మా ఆయన విప్పాడు. ఎర్రది. ఆయన మొహం ఏమీ మారలేదు. “సరే, అమ్మ మాట” అని, రెండో పొట్లం తనే పట్టుకుని మోకాలి లోతు నీళ్లలోకి దిగి వదిలాడు. విప్పుతాడేమోనని ఆయన చేతులే చూశాను. ఆయన విప్పలేదు. ఆయన అలాంటి మనిషి కాదు.

కొన్ని నెలలు బాగానే జరిగింది. అది కూడా చెప్పాలి. మొదటి పడవ మాదే వచ్చిన రోజులున్నాయి. గంపల ఆడవాళ్లు నా చుట్టూ మూగి, “అప్పా, నాకెయ్యి, నాకెయ్యి” అని అక్క వరస కలిపేవారు. నేను గొంతు పెంచి బేరం చేశాను. అంత గొంతు నాకుందని అప్పుడే తెలిసింది.

కానీ వెనక నీరు ఊరేది. పడవ ఒడ్డునున్నప్పుడల్లా ఆయన వెనక పలక సందుల్లో జనుము కూరుతూనే ఉండేవాడు. ఇంజనును సగానికి మించి తిప్పేవాడు కాదు. దాంతో మళ్లీ ఆలస్యం మొదలైంది. ఒకరోజు బస్సు వెళ్లిపోయాక వచ్చాడు. చేపంతా నా ముందు పడి ఉంది. నేను అందరూ వింటుండగా అన్నాను:

“పదిహేను గుర్రాలు తెచ్చి ఏడిటిని కట్టేసి నడుపుతన్నావు. ఆటికి గడ్డి దండగ.”

ఒడ్డున ఉన్నవాళ్లు నవ్వారు. అత్త మాటే తిప్పి ఆయన మీద వేశాను. ఆయన వల భుజాన వేసుకుని ఇంటికి నడిచాడు.

మర్నాడు తుఫాను లేదు, గాలి లేదు. సముద్రం పళ్లెంలా ఉంది. తిరిగి వస్తూ, దీపస్తంభం కొండ కనపడ్డాక, ఆయన ఇంజను పూర్తిగా తిప్పాడట. ముక్కు పైకి లేచింది. వెనక పలక చిరిగినట్టు శబ్దమైందని మరిది చెప్పాడు, బట్ట చిరిగినట్టు. ఇంజను పలకతో సహా ఊడి నీళ్లలోకి పోయింది. దాని వెనకే పడవ నిండిపోయింది. మరిది తెడ్డు పట్టుకుని తేలాడు. మా ఆయన మా ఒడ్డున అందరికంటే బాగా ఈదేవాడు. కాలికి వల చుట్టుకుంది.

మూడో రోజు దొరికాడు. ఆ తర్వాత ఇంకెవరి వలకో ఇంజను తగిలితే తెచ్చి మా గుమ్మంలో పెట్టారు. పలక ముక్క దానికి ఇంకా బిగించే ఉంది. ఆయన బిగించిన మరలు ఒక్కటీ వదులవలేదు.

అత్త మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. అమ్మవారినే అంది. “అబద్ధమాడింది. నా సేత్తో నాను తీసిన పువ్వు. అబద్ధమాడింది” అని. ఆ తర్వాత గుడికి పోలేదు. పండగకు అమ్మవారి ఘటాలు మా వీధిలోకి వస్తే ఆవిడ వీపు తిప్పుకుని గోడవైపు కూర్చునేది. నేను నిజం చెబితే ఆవిడకు అమ్మవారు తిరిగి దొరికేది. కానీ ఆ ఇంట్లో నాకున్నది ఆవిడొక్కతే. ఎన్నిసార్లో పక్కన కూర్చుని నోరు తెరిచి, గంజి తాగుతావా అత్తా అని అడిగి ఊరుకున్నాను. చివరి రోజుల్లో అమ్మవారి పసుపు నుదుటికి రాయబోతే చెయ్యి తోసేసింది. అలాగే పోయింది. ఆవిడ నుంచి కొడుకును తీసుకున్నాను, దేవతను కూడా తీసుకున్నాను.

తర్వాత కొన్నేళ్లకు మెకానిక్ ఆ ఇంజనును ఊడదీసి కడిగి, తుప్పు పట్టిన సామాన్లు మార్చి, మళ్లీ పనిచేస్తుందన్నాడు. దానికోసం పక్క పేట నుంచి ఒకాయన వచ్చాడు.

“పడవ కొత్తదా?” అని అడిగాను.

“కొత్తదెక్కడిది పెద్దమ్మా. మా తాత నాటిది.”

“అయితే ఇది ఒద్దు నాయినా. సిన్నది సూసుకో. దీని తోపుకి పాత పలక ఆగదు.”

“మా తమ్ముడూ అదే అంటన్నాడు. నానేమో ఇదే కావాలంటన్నాను. ఎందుకొచ్చిన గొడవని నిన్న పువ్వడిగేసినాం. ఇదే వచ్చింది.”

నేను ఇంజను మీద చెయ్యి వేశాను. తర్వాత అడిగాను. “పొట్లాలు ఎవులు కట్టినారు?”

ఆయన నవ్వాడు. “ఇంకెవులు కడతారు పెద్దమ్మా, మా ఇంటిదే.”

ఇద్దరు పట్టుకుని ఇంజను మోసుకుపోయారు. నేను గుమ్మంలో నిలబడే ఉన్నాను. నేను కట్టిన రెండు పొట్లాల సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు.